112వ ర్యాంకు కింద ఏముంది?

2000వ సంవత్సరం జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వార్షిక నివేదిక చివర ఒక పట్టిక అచ్చువేసింది. 191 సభ్యదేశాల ఆరోగ్య వ్యవస్థలకు ఒకటి నుంచి 191 దాకా ర్యాంకులిచ్చిన పట్టిక అది. ఫ్రాన్స్‌కి మొదటి స్థానం, ఇటలీకి రెండోది. ఆ వెనకే సాన్ మారినో, అండోరా, మాల్టా అనే చిన్న చిన్న దేశాలు. సింగపూర్ ఆరు, ఒమన్ ఎనిమిది, జపాన్ పది. బ్రిటన్‌ది 18. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువగా వైద్యానికి ఖర్చుపెట్టే అమెరికాది 37. మనది 112. శ్రీలంక (76), బంగ్లాదేశ్ (88) మనకంటే ముందున్నాయి. పాకిస్తాన్ (122), చైనా (144) వెనక ఉన్నాయి. అట్టడుగున సియెర్రా లియోన్.

పాతికేళ్లు దాటినా ఆ అంకెలు ఇంకా చలామణీలోనే ఉన్నాయి. అమెరికాలో 2009, 2010 సంవత్సరాల్లో ఆరోగ్య బీమా చట్టం మీద పెద్ద రభస జరిగినప్పుడు 37 అనే అంకె అందరి నోళ్లలోనూ నానింది. అప్పుడే ఒక విచిత్రం జరిగింది. 2000 నాటి నివేదికకు ప్రధాన సంపాదకుడిగా పనిచేసిన ఫిలిప్ మస్‌గ్రోవ్ అనే ఆర్థికవేత్త ఒక ప్రముఖ వైద్య పత్రికకు ఉత్తరం రాసి, ఆ ర్యాంకుకి అర్థం లేదనీ దాన్ని వాడటం మానెయ్యమనీ కోరాడు. సొంత చేతులతో సంపాదకత్వం చేసిన పుస్తకంలోని అంకెను పారెయ్యమని ఆయన ఎందుకన్నాడో తెలియాలంటే ఆ పట్టికను అడుగు నుంచీ విప్పి చూడాలి. విప్పుకుంటూ పోతే అడుగున మనకు కనిపించేది అర్థశాస్త్రమూ కాదు, గణితమూ కాదు. ఒక మనిషి చనిపోయినప్పుడు ఎవరో నింపాల్సిన, చాలాసార్లు ఎవరూ నింపని ఒక కాగితం.

మంచి ప్రశ్న, తొందరపాటు జవాబు

ఆ పట్టిక వెనక ఉన్న ఆలోచన మాత్రం గొప్పది. క్రిస్టఫర్ ముర్రే, హూలియో ఫ్రెంక్ దాని ముఖ్య రూపకర్తలు. ఫ్రెంక్ ఆ సంవత్సరం చివర్లోనే మెక్సికో ఆరోగ్యమంత్రి అయ్యాడు. అప్పటిదాకా దేశాలను పోల్చాలంటే డాక్టర్లెందరు, మంచాలెన్ని, సగటు ఆయుర్దాయం ఎంత, పుట్టిన వెయ్యిమందిలో ఏడాది లోపు పోయే పసివాళ్లెందరు అని చూసేవారు. వీళ్లిద్దరూ ఇంకా వెనక్కి వెళ్లి, అసలు ఆరోగ్య వ్యవస్థ అనేది ఎందుకు, దాని నుంచి జనం ఆశించేదేమిటి అని అడిగారు. మూడు జవాబులు చెప్పుకున్నారు. జనం ఆరోగ్యంగా బతకాలి. వైద్యానికి వచ్చినవాణ్ణి మనిషిగా చూడాలి, గౌరవంగా మాట్లాడాలి, గంటలకొద్దీ నిలబెట్టకూడదు. వైద్యం ఖర్చు ఏ కుటుంబాన్నీ కూల్చెయ్యకూడదు.

మూడోదాన్ని ఆరోగ్య లక్ష్యంగా నిలబెట్టడం మనలాంటి దేశానికి ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. ఆపరేషన్ కోసం అరెకరం అమ్ముకున్న ఇల్లు లేని ఊరు మన దగ్గర అరుదు. రోగి బతికాడా లేదా అన్నదొక్కటే చూస్తే ఆ అరెకరం ఏ లెక్కలోకీ రాదు. దాన్ని లెక్కలోకి తెచ్చినందుకు ఆ నివేదికకు మనం రుణపడి ఉన్నాం.

చిక్కంతా ఆ మూడింటినీ కలిపి ఒకే అంకెగా చెయ్యడంలో వచ్చింది. మొత్తం వంద మార్కులనుకుంటే ఆరోగ్య స్థాయికి 25, ఆ ఆరోగ్యం అందరికీ సమానంగా అందుతోందా అన్నదానికి 25, రోగి పట్ల వ్యవస్థ నడవడికకు పన్నెండున్నర, ఆ నడవడికలో సమానతకు మరో పన్నెండున్నర, ఖర్చు భారంలో న్యాయానికి 25. ఈ పంపకం ఎవరు నిర్ణయించారు? 125 దేశాల నుంచి 1,006 మందిని అడిగారు. వాళ్లలో దాదాపు సగం మంది ఆ సంస్థలో పనిచేసేవాళ్లే. అనకాపల్లిలో బెల్లం బట్టీ కూలీనో, ఆదిలాబాద్‌లో పత్తి రైతునో అడిగితే ఖర్చు భారానికి వందలో యాభై వెయ్యమనేవాళ్లేమో. వాళ్లనెవరూ అడగలేదు.

అక్కడితో ఆగినా పట్టిక వేరుగా ఉండేది. అలా వచ్చిన మొత్తం మార్కుల ప్రకారం జపాన్‌ది మొదటి స్థానం, స్విట్జర్లాండ్‌ది రెండు, అమెరికాది 15, మనది 121. ఈ పట్టిక కూడా ఆ నివేదికలోనే ఉంది, కానీ పత్రికలు దాన్ని పట్టించుకోలేదు. అందరికీ తెలిసిన పట్టిక ఇంకో మెట్టు ఎక్కి తయారైంది. ఒక దేశం వైద్యానికి పెట్టే ఖర్చునీ, అక్కడి పెద్దవాళ్లు సగటున ఎన్నేళ్లు చదువుకున్నారన్నదాన్నీ తీసుకుని, ఆ వనరులతో ఆ దేశం అత్యధికంగా ఎంత సాధించగలిగేదో ఒక సమీకరణంతో అంచనా వేశారు. నిజంగా సాధించింది దానిలో ఎంత భాగమో చూసి ర్యాంకులిచ్చారు. అంటే అది ఎవరు ఎంత బాగున్నారన్న పట్టిక కాదు, ఉన్నదానితో ఎవరు ఎంత బాగా నెట్టుకొచ్చారన్న పట్టిక. అందుకే ఒమన్ ఎనిమిదో స్థానానికి ఎక్కింది. అందుకే అమెరికా 15 నుంచి 37కి దిగింది.

ఆ సమీకరణంలో ఖర్చు, చదువు తప్ప ఇంకేమీ లేవు. 1990లలో ఆఫ్రికా దక్షిణ భాగాన్ని ఎయిడ్స్ ఊడ్చేసింది. దక్షిణాఫ్రికాకు 175, బోట్స్‌వానాకు 169 ర్యాంకులొచ్చాయి. ఆ దేశాల మీద పడ్డ మహమ్మారి ఎంతటిదో సమీకరణానికి తెలియదు. దానికి తెలిసిందల్లా ఖర్చుకి తగ్గ ఆయుర్దాయం రాలేదన్నదే. అక్కడి నర్సుల చేతకానితనాన్నీ వైరస్ చేసిన విధ్వంసాన్నీ అది వేరు చెయ్యలేదు. రెంటినీ ఒకే ఖాతాలో రాసింది.

రాయని పరీక్షకు మార్కులు

ఇంతకన్నా లోతైన లోపం ఇంకొకటి ఉంది. 191 దేశాలకు అయిదేసి అంకెలు కావాలి. ఉన్నవెన్ని? రోగుల పట్ల నడవడిక ఎలా ఉందో తెలుసుకోవడానికి 35 దేశాల్లో, విషయం తెలిసినవారనుకున్న కొంతమందిని అడిగారు. ఖర్చు భారం గురించి ఇంటింటి సర్వే లెక్కలు 21 దేశాలకే దొరికాయి. మిగతా దేశాలకు ఆ అంకెలను, తెలిసిన దేశాల పోకడ చూసి సమీకరణాలతో పూరించారు. ర్యాంకులకు ఆధారమైన విలువల్లో 61 శాతం అలా పూరించినవేనని మస్‌గ్రోవే 2003లో లాన్సెట్ పత్రికలో రాశాడు. పదో తరగతి పిల్లవాడు అయిదు పేపర్లలో రెండే రాస్తే, మిగతా మూడింటికీ అలాంటి ఇళ్ల పిల్లలకు వచ్చిన మార్కులు చూసి వేసి, చివరికి జిల్లా ర్యాంకు ప్రకటిస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే.

పూరించడమే తప్పని నేననను. విజ్ఞానశాస్త్రంలో తెలియనిదాన్ని తెలిసినదాన్నిబట్టి అంచనా వెయ్యడం రోజూ చేసే పనే. అంచనా అని పెద్దక్షరాలతో చెప్పాలి, ఎంత అటూఇటూ కావచ్చో పక్కనే రాయాలి. నివేదిక వెనక పట్టికల్లో ఆ అటూఇటూలు ఇచ్చారు కూడా. కానీ ర్యాంకు అనేదాని స్వభావమే అంత. 112 అన్నాక అది 112గానే ఊరంతా తిరుగుతుంది.

మన దేశానికి సంబంధించిన వింత ఒకటి ఆ పట్టికలోనే ఉంది. ఖర్చు భారంలో న్యాయం అనే అంశంలో భారత్‌కు వచ్చిన స్థానం 42-44. మొత్తం మీద 112, సమానతలో 153, ఇందులో మాత్రం 42-44! ఆ రోజుల్లో మన దేశంలో వైద్యానికయ్యే ఖర్చులో సింహభాగం జనం జేబుల్లోంచే పోయేది. చాలాకాలం తర్వాత, 2013-14లో కూడా జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం జేబు ఖర్చు వాటా 64.2 శాతం. మరి అంత మంచి స్థానం ఎలా వచ్చింది? ఆ సూచీ చూసేది కుటుంబాలు చేసిన ఖర్చును మాత్రమే. తిండికి పోను మిగిలిన ఆదాయంలో ఎంత వాటా వైద్యానికి పెట్టారు, ఆ వాటాల్లో ఇంటింటికీ ఎంత తేడా ఉంది అన్నదే దాని కొలమానం. డబ్బుల్లేక ఆస్పత్రి గడప తొక్కని కుటుంబానికి ఆస్పత్రి ఖర్చు సున్నా. పట్నం తీసుకెళ్లమని డాక్టరు చెప్పినా తండ్రిని ఇంటి వసారాలోనే ఉంచుకుని, ఆర్‌ఎంపీ సూదితో సరిపెట్టుకున్న కొడుకు అప్పుల పాలు కాలేదు కాబట్టి ఆ లెక్క ప్రకారం అతనికి భారమేమీ పడలేదు. వైద్యం అందకపోవడం, వైద్యం ఉచితంగా అందడం రెండూ ఆ సూచీకి ఒకలాగే కనిపిస్తాయి. ఇంతకన్నా పెద్ద తప్పు ఒక ఆరోగ్య సూచీ చెయ్యలేదని నా అభిప్రాయం.

నివేదిక వచ్చీరాగానే గగ్గోలు పుట్టింది. 125వ ర్యాంకు పొందిన బ్రెజిల్ గట్టిగా అభ్యంతరం చెప్పింది. సీలియా అల్మేడా నాయకత్వంలో కొందరు పరిశోధకులు 2001లో లాన్సెట్‌లో ఆ పద్ధతిని ముక్కముక్కలుగా విడదీసి విమర్శించారు. అప్పటి ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి గ్రో హార్లెమ్ బ్రుంట్లాండ్, ఆర్థికవేత్త సుధీర్ ఆనంద్ అధ్యక్షతన ఒక సమీక్షా బృందాన్ని వేశారు. ఆ సంస్థ అలాంటి ర్యాంకుల పట్టికను మళ్లీ ఎప్పుడూ ప్రకటించలేదు. అంటే మనం ఇప్పటికీ వింటున్న 112 ఒకే ఒక్కసారి, అదీ పోయిన శతాబ్దపు లెక్కలతో తయారైన అంకె.

చావుల్లోంచి వైద్యాన్ని చూడటం

మరి దేశాలను పోల్చడానికి ఇంతకన్నా నమ్మకమైన దారి లేదా? ఒకటుంది. అది 1976 నాటిది. హార్వర్డ్‌లో పనిచేసిన డేవిడ్ రట్‌స్టీన్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఒక జాబితా రాశారు. సరైన సమయంలో సరైన వైద్యం అందితే ఈ కాలంలో ఎవరూ చావకూడని జబ్బుల జాబితా. అపెండిసైటిస్‌తో ఒక యువకుడు పోయాడంటే, కాన్పులో తల్లి పోయిందంటే, ధనుర్వాతంతో బిడ్డ పోయిందంటే ఎక్కడో వ్యవస్థ తప్పింది. విమానం కూలితే ఎందుకు కూలిందని విచారించినట్టే అలాంటి ప్రతి చావునూ విచారించాలన్నది ఆయన ఉద్దేశం.

ఎలెన్ నోల్టె, మార్టిన్ మెక్కీ అనే ఇద్దరు పరిశోధకులు ఆ జాబితాను సరిచేసి దేశాలను పోల్చడానికి వాడారు. 75 ఏళ్లలోపు వచ్చిన మరణాల్లో వైద్యంతో ఆపగలిగినవెన్నో లెక్కగట్టారు. 2008లో వాళ్లు ప్రచురించిన లెక్కల ప్రకారం 19 సంపన్న దేశాల్లో ఫ్రాన్స్‌లో అలాంటి మరణాలు అందరికన్నా తక్కువ, లక్షకు 65. అమెరికా చిట్టచివర, లక్షకు 110. మొదటి మూడు దేశాల స్థాయిని అమెరికా అందుకోగలిగితే ఏటా లక్షా వెయ్యి మరణాలు తగ్గేవని వాళ్లు అంచనా కట్టారు. ఈ అంకె 37వ ర్యాంకు కన్నా ఎంత మెరుగైనదో గమనించండి. ఎంతమంది పోతున్నారో చెబుతుంది, ఏ జబ్బులతో పోతున్నారో చెబుతుంది, ఎక్కడ సరిచేసుకోవాలో కూడా చెబుతుంది.

ఇదే పద్ధతిని 32 జబ్బులకు వర్తింపజేసి, ముర్రే నడిపే అమెరికా సంస్థ సున్నా నుంచి వంద దాకా ఒక సూచీ తయారుచేసింది. 2018లో వచ్చిన లెక్క ప్రకారం 2016లో ఐస్‌లాండ్ 97.1తో మొదటిది. మనకు 41.2 మార్కులు, 195 దేశాల్లో 145వ స్థానం. 1990లో మన మార్కులు 24.7. అంటే పాతికేళ్లలో బాగా పెరిగాం, అయినా వెనకబడే ఉన్నాం. అదే పత్రంలో ఇంకా విలువైన సంగతి ఉంది. కేరళ, గోవాలకు 60 పైన వస్తే, ఉత్తరప్రదేశ్, అస్సాంలకు 40 కన్నా తక్కువ వచ్చాయి. అన్నిటికన్నా మెరుగైన రాష్ట్రానికీ అధమ స్థానంలోని రాష్ట్రానికీ మధ్య తేడా 1990లో 23.4 ఉండేది. 2016 నాటికి 30.8 అయింది. 145 అనే ఒక్క అంకె కింద ఇంత దూరం దాగుంది.

మిగతా పట్టికలు చాలానే ఉన్నాయి. న్యూయార్క్‌లోని కామన్వెల్త్ ఫండ్ 2014లో 11 దేశాలను పోల్చి బ్రిటన్‌కి మొదటి స్థానమిచ్చింది. జనం ఆరోగ్యం అనే అంశంలో అదే బ్రిటన్ పదోది. వైద్యం నాణ్యత, అందుబాటు, సామర్థ్యం వంటి మిగతా అంశాల్లో ముందుంది కాబట్టి మొత్తం మీద పైకి వచ్చింది. 2019 అక్టోబరులో మహమ్మారులను ఎదుర్కొనే సంసిద్ధతలో 195 దేశాలకు ర్యాంకులిస్తే అమెరికాకి ఒకటి, బ్రిటన్‌కి రెండు వచ్చాయి. కొద్ది నెలల్లోనే కోవిడ్ వచ్చింది, ఆ రెండు దేశాల్లో ఏమైందో మనందరం చూశాం. ప్రయోగశాలలు, చట్టాలు, ప్రణాళికలు ఉన్నాయా లేవా అని ఆ సూచీ చూసింది. అవి ఉన్నాయి. సమయానికి వాటిని వాడే నాయకత్వాన్ని కొలిచే గడి అందులో లేదు.

ఒకే చావు, రెండు లెక్కలు

మరణాలను లెక్కించడం కూడా అంత తేలికేమీ కాదు. 2007లో అమెరికా అధ్యక్ష పదవికి అభ్యర్థిత్వం కోరుతూ న్యూయార్క్ మాజీ మేయర్ రూడీ జూలియానీ ఒక మాట అన్నాడు. తనకు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిందనీ, అమెరికాలో దాన్నుంచి బతికి బయటపడే అవకాశం 82 శాతమైతే ప్రభుత్వ వైద్యం ఉన్న ఇంగ్లండులో 44 శాతమేననీ. వింటే గుండె ఝల్లుమంటుంది. అయితే ఆ జబ్బుతో చనిపోయే మగవాళ్లు అమెరికాలో లక్షకు 26 మంది, బ్రిటన్‌లో 27 మంది. దాదాపు సమానం. మరి 82కీ 44కీ అంత తేడా ఎక్కణ్ణించి వచ్చింది?

ఇద్దరు మనుషుల్ని ఊహించుకోండి. ఇద్దరికీ ఒకే వయసులో ఒకే జబ్బు మొదలైంది, ఇద్దరూ 72వ ఏటే పోయారు. ఒకతనికి లక్షణాలు కనపడ్డాక 69వ ఏట జబ్బు బయటపడింది. రెండో అతనికి రక్తపరీక్షలో 62వ ఏటే బయటపడింది. జబ్బు తెలిశాక అయిదేళ్లు బతికినవాళ్ల లెక్క తీస్తే మొదటివాడు తప్పాడు, రెండోవాడు నెగ్గాడు. రెండోవాడు ఒక్కరోజు కూడా ఎక్కువ బతకలేదు. ఏడేళ్లు ఎక్కువగా రోగిగా బతికాడు. దీనికి తోడు, ఎప్పటికీ ప్రాణం మీదకు రాని చిన్న గడ్డల్ని కూడా రక్తపరీక్ష పట్టుకుంటుంది. ఆ మనుషులు ఎలాగూ ఆ జబ్బుతో చావరు, వాళ్లంతా బతికినవాళ్ల ఖాతాలో చేరతారు. అమెరికాలో ఆ పరీక్ష విరివిగా చేస్తారు, బ్రిటన్‌లో చేసేవారు కాదు. 82, 44 అంకెల్లోని తేడాకి ముఖ్య కారణం అదే. పరీక్షలు దండగని దీని అర్థం కాదు. ఏ జబ్బుకి ముందే పట్టుకోవడం ప్రాణం నిలుపుతుందో, ఏ జబ్బుకి నిలపదో చెప్పే అధ్యయనాలు వేరే ఉన్నాయి. బతికినవాళ్ల శాతం మాత్రం దేశాల్ని పోల్చడానికి పనికిరాదు.

కాన్పు మరణాల విషయంలో ఇంకో రకం చిక్కు. అమెరికాలో 2003లో మరణ ధ్రువపత్రంలో కొత్తగా ఒక చిన్న గడి చేర్చారు. చనిపోయిన స్త్రీ గర్భవతా, ఏడాది లోపు కాన్పయిందా అని టిక్కు పెట్టాల్సిన గడి. రాష్ట్రాలన్నీ దాన్ని ఒక్కసారిగా తీసుకోలేదు. ఒక్కొక్కటిగా చేరుతూ 2017కి పూర్తయ్యాయి. ఆ ఏళ్లలో దేశంలో మాతా మరణాల అంకె పెరుగుతూ పోయింది. అంతకుముందు లెక్కకు రాని నిజమైన మరణాలు కొన్ని బయటపడ్డాయి. దానితో పాటు పొరపాటు టిక్కులూ పడ్డాయి. 85 ఏళ్లు దాటిన ముసలమ్మల పత్రాల్లో కూడా గర్భవతి అన్న టిక్కు కనిపించింది! ఒక్క గడి వల్ల ఒక దేశపు కొలమానం ఏళ్ల తరబడి తారుమారైంది.

కాబట్టి అంకెలన్నీ అబద్ధాలని కొట్టిపారెయ్యాలా? అక్కర్లేదు. అమెరికాలో శిశు మరణాలు ఎక్కువగా కనిపించడానికి, బాగా నెలలు తక్కువగా పుట్టిన బిడ్డల్ని కూడా అక్కడ లెక్కలోకి తీసుకోవడమే కారణమని కొందరు వాదించేవారు. 24 వారాలలోపు కాన్పులన్నిటినీ అన్ని దేశాల లెక్కల్లోంచీ తీసేసి చూశారు. 2010లో వెయ్యికి 6.1గా ఉన్న అమెరికా అంకె 4.2కి తగ్గింది, నిజమే. అయినా యూరప్ దేశాల్లో చాలావాటికన్నా అది ఎక్కువగానే మిగిలింది. నిర్వచనాల తేడా కొంత, నిజమైన లోపం కొంత. ఓపిగ్గా విడదీస్తే రెండూ విడిపోతాయి.

మన అడుగున ఉన్న కాగితం

విడదీయాలంటే మాత్రం కింద లెక్క ఉండాలి. మన దేశంలో వచ్చే చిక్కు ఇక్కడే.

మన దగ్గర ఆస్పత్రిలో మరణం సంభవిస్తే కారణాన్ని ధ్రువీకరించే పత్రం పేరు ఫారం 4. ఆస్పత్రి బయట పోతే ఫారం 4ఎ. అందులో ఒకదాని కింద ఒకటి వరసలుంటాయి. పై వరసలో తక్షణ కారణం, దానికి దారితీసింది ఆ కింద, అసలు మూలం అట్టడుగున. 48 ఏళ్ల షుగరు రోగి ఒకరు పోయారనుకోండి. పై వరసలో రక్తమంతా ఇన్‌ఫెక్షన్ పాకడం, దాని కింద కాలి పుండు కుళ్లడం, అట్టడుగున షుగరు జబ్బు అని డాక్టరు రాయాలి. లెక్కలోకి ఎక్కేది ఆ అట్టడుగు వరస. 50 ఏళ్లలోపు షుగరుతో పోవడం నోల్టె, మెక్కీల జాబితాలో ఆపగలిగిన చావు. అలా రాస్తే ఆ ఊళ్లో షుగరు మందులు సరిగ్గా అందలేదని ఎప్పుడో ఎక్కడో ఒక అంకె చెబుతుంది. అలా రాయకుండా గుండె, ఊపిరి ఆగిపోయాయి అని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే ఆ చావు ఏమీ చెప్పదు. చనిపోయినవాళ్లందరికీ గుండె, ఊపిరి ఆగిపోతాయి.

మన దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 2020లో 22.5 శాతం. నాలుగింట ఒకటి కూడా కాదు. ప్రపంచ పట్టికల్లో మన స్థానం ఏదైనా సరే, అది ఈ పునాది మీద కట్టిందే. మిగతాదంతా అంచనా.

ఈ ఖాళీని పూరించడానికి మన దేశంలోనే ఒక అద్భుతమైన ప్రయత్నం జరిగింది. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం, ప్రభాత్ ఝా అనే శాస్త్రవేత్త బృందం కలిసి చేపట్టిన పది లక్షల మరణాల అధ్యయనం అది. మరణం సంభవించిన ఇంటికి శిక్షణ పొందిన ఉద్యోగి వెళ్తాడు. జ్వరం ఎన్నాళ్లుంది, చలి వచ్చిందా, కళ్లు పచ్చబడ్డాయా, ఫిట్స్ వచ్చాయా, ఎక్కడికి తీసుకెళ్లారు అని ఇంట్లోవాళ్లను అడుగుతాడు. వాళ్లు చెప్పింది అక్కడి భాషలోనే ఓ అరపేజీ రాసుకుంటాడు. ఆ కాగితాన్ని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి కారణం నిర్ణయిస్తారు. ఇద్దరికీ కుదరకపోతే మళ్లీ చూస్తారు.

ఏం తేలింది? మన దేశంలో మలేరియాతో ఏటా 15,000 మంది పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుకుంటున్న రోజుల్లో, 70 ఏళ్లలోపు వాళ్లలోనే ఆ మరణాలు 2,05,000 దాకా ఉంటాయని 2010లో ఈ బృందం రాసింది. ఇంట్లోవాళ్లు చెప్పే లక్షణాలతో మలేరియానీ ఇతర జ్వరాల్నీ వేరు చెయ్యలేమని ఆ సంస్థ ఒప్పుకోలేదు. ఆ అభ్యంతరంలో పస ఉంది. కానీ ఆ మరణాల్లో 86 శాతం ఏ ఆస్పత్రిలోనూ జరగలేదన్న సంగతి మిగిలే ఉంది. ఆస్పత్రి లెక్కలు ఎంత జాగ్రత్తగా కూడినా ఆ మనుషులు అందులో దొరకరు.

పాముకాటు కథ మనకు ఇంకా దగ్గరిది. ఇదే అధ్యయనం నుంచి 2011లో వచ్చిన పత్రం దేశంలో ఏటా దాదాపు 46,000 మంది పాముకాటుతో పోతున్నారని తేల్చింది. అప్పటి అధికారిక లెక్కలకు అది ఎన్నో రెట్లు. రాష్ట్రాల్లో ఉత్తరప్రదేశ్ తర్వాతి స్థానం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది, ఏటా సుమారు 5,200 మంది. చేలల్లో, కళ్లాల్లో, నీళ్లు పెట్టడానికి రాత్రిపూట వెళ్లే దారుల్లో పోయినవాళ్లు. వీళ్లలో చాలామంది ఆస్పత్రి చేరకముందే పోయారు కనుక ప్రభుత్వం దృష్టిలో ఈ సమస్యే చిన్నదిగా ఉండిపోయింది. విషానికి విరుగుడు మందు ఏ పీహెచ్‌సీలో ఎన్ని సీసాలుండాలో ఈ అంకెను బట్టే కదా నిర్ణయించాలి!

ఇప్పుడు మన రెండు రాష్ట్రాల ర్యాంకు చూడండి. నీతి ఆయోగ్ 2021 డిసెంబరులో విడుదల చేసిన ఆరోగ్య సూచీలో, 19 పెద్ద రాష్ట్రాల్లో కేరళ మొదటిది, తమిళనాడు రెండోది, 69.96తో తెలంగాణ మూడోది, 69.95తో ఆంధ్రప్రదేశ్ నాలుగోది. తేడా ఒక పాయింటులో నూరో వంతు. 24 అంశాలను కలిపి తీసిన సూచీలో నూరో వంతుకు అర్థమే లేదు. కొలతలో ఉండే సహజమైన పొరపాటే అంతకు ఎన్నో రెట్లుంటుంది. దాన్ని చూసి హైదరాబాద్‌లో సంబరపడటానికీ అమరావతిలో చిన్నబోవడానికీ కారణం లేదు. అదే సమయంలో, 2018-20 నాటి లెక్కల్లో లక్ష సజీవ జననాలకు పోయే తల్లులు కేరళలో 19 మంది, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. మన రెండింటి మధ్య పెద్ద తేడా లేదు, మనకూ కేరళకూ మధ్య తేడా రెండింతల పైన ఉంది. మన మంత్రుల్ని అడగాల్సింది ఆ మూడో స్థానం, నాలుగో స్థానం గురించి కాదు. కేరళకన్నా ఎక్కువగా మన దగ్గర పోతున్న ఆ పాతికమంది తల్లుల గురించి.

ఇక చదువరులకు ఒక మనవి. ఇంట్లో మరణం జరిగితే మనం ఎలాగూ పంచాయతీ ఆఫీసుకో మున్సిపల్ ఆఫీసుకో వెళ్తాం. పాసుపుస్తకం మార్పించాలన్నా, ఇన్సూరెన్స్ డబ్బు రావాలన్నా మరణ ధ్రువపత్రం కావాలి. కానీ చట్టప్రకారం మన చేతికిచ్చే ఆ పత్రంలో మరణ కారణం ఉండదు. అందువల్ల కారణం రాశారో లేదో ఎవరూ పట్టించుకోరు. 2023లో జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించారు. ఆస్పత్రి ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా మరణ కారణ పత్రాన్ని రిజిస్ట్రారుకు పంపాలి, ఒక నకలు దగ్గరి బంధువుకి ఉచితంగా ఇవ్వాలి. ఇంట్లో పోయినా, ఆఖరి జబ్బులో చూసిన డాక్టరు ఆ పత్రం రాసివ్వాలి. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. దుఃఖంలో ఉన్న ఇంటికి ఇదొక అదనపు భారమేనని తెలుసు. అయినా బంధువుల్లో ఎవరో ఒకరు పూనుకుని ఆ కారణ పత్రం అడిగి తీసుకోండి, అట్టడుగు వరసలో అసలు జబ్బు పేరు రాశారో లేదో చూడండి, రాయకపోతే రాయమని డాక్టరును అడగండి.